సాంబమూర్తి గారి జాగ

ఆ పొద్దు ఆకాశం తెల్లవారాక కూడా తెల్లబడలేదు. నాగోలు వైపు మబ్బు పట్టినట్టుంది గాని అది వాన మబ్బు కాదు, ఫిబ్రవరి ఆఖరున వాన ఎక్కడిది. ముందునాటి సాయంత్రం రోడ్డు మీద కాల్చిన టైర్ల పొగ గాలి లేక ఎటూ పోలేక, మూసీ మీది మంచుతో కలిసి అక్కడక్కడే నిలబడిపోయింది. దాని వెనక సూర్యుడు రాగి రంగులో, కళ్లు చిట్లించకుండా చూడగలిగేలా ఉన్నాడు. ఎల్.బి.నగర్ అని బోర్డు పాతి ప్లాట్లకు రాళ్లు నాటిన ఖాళీ భూమి అంచున, కిరాయికున్న ఒంటి గది ముందు నిలబడి స్తెఫను ఆ సూర్యుణ్ణి కాసేపు చూశాడు. చూడాలని కాదు, బయలుదేరడం ఇంకొంచెం ఆలస్యమవుతుందని. వెనక తల్లి ఎలీశమ్మ ద్రాక్షతోట కూలికి పోవడానికి తల చుట్టూ గుడ్డ కట్టుకుంటోంది.

"బస్సులు బందువెట్టిండ్రంట. నడిచే పోతవా?"

"పోతనే."

"సర్కారు కాయితం?"

"జేబుల ఉన్నది."

"గా కంపెనోళ్లది?"

"అదీ జేబులనే."

"రెండు ఒక్క జేబుల వెట్టుకోని పోతే ఎట్ల కొడుకా," అని ఆమె సద్ది గిన్నె మీద మూత పెట్టి తోట వైపు వెళ్లిపోయింది. ఆమె అన్నది నవ్వులాటకో నిజానికో అతనికి తెలియలేదు.

దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిస్తే గంట. ఆ గంటే అతని చేతిలో ఉంది. సర్కారు కాగితంలో, ఈ రోజు మధ్యాహ్నం లోపల సరూర్‌నగర్ బ్లాకు హెల్త్ ఇన్‌స్పెక్టరు పని సాంబమూర్తి గారి దగ్గర చార్జి తీసుకోవాలని ఉంది. బందులో ఆఫీసుకు తాళం పడింది కాబట్టి తాళంచెవులు, రిజిస్టర్లు, మందు పెట్టె అన్నీ ఆయన ఇంట్లోనే ఉన్నాయి. అక్కడే సంతకం చేయాలి. బొంబాయి మందుల కంపెనీ కాగితంలో, సోమవారం సికింద్రాబాద్ ఆఫీసుకు వస్తే చాలు, తోలు సంచి ఇస్తాం, జీతం ఇంత అని ఉంది. ఆ ఇంత అనేది సర్కారు ఇచ్చేదానికి రెండింతల పైన. ఆ ఉత్తరం సంగతి సాంబమూర్తి గారికీ తెలుసు. ఏదో ఒకటి ఈ గంటలో తేలాలి. నిజానికి అది తేలిపోయి పదకొండేళ్లయింది. తేలనిది ఇంకొకటి. అది ఏ కాగితంలోనూ లేదు, అతనికి తప్ప ఎవరికీ బరువు కాదు. సాంబమూర్తి గారికి చెప్పాలా, చెప్పకూడదా.

రోడ్డు పక్క చింతచెట్టు కింద నిలిచిపోయిన లారీల డ్రైవర్లు రాళ్ల పొయ్యి మీద చాయ్ కాస్తున్నారు. ఆ పొగలో వగరు వాసన. ట్రైనింగు కాలేజీ హాస్టల్లో చలికాలం పొద్దున ఇదే వాసన వచ్చేది, ఆ వాసన వెంబడి వెంకట్రావు సారు క్లాసు గుర్తుకొచ్చింది. సారు ఒకరోజు పాఠం ఆపి చీటీలు పంచాడు. చదువయ్యాక సర్కారుకు పోతారా, కంపెనీలకు పోతారా, ఎందుకు, పేరు రాయకుండా రాయండి అన్నాడు. రాసినవి పైకి చదివాడు. పింఛను ఉంటుంది కాబట్టి సర్కారుకు. పిల్లనిస్తారు కాబట్టి సర్కారుకు. పని తక్కువ కాబట్టి సర్కారుకు. ఒకడు తన బావ కంపెనీలో స్కూటరు కొన్నాడు కాబట్టి కంపెనీకి. క్లాసంతా నవ్వు. ఆఖరి చీటీ తీసి సారు ముందు తనలో తాను చదువుకున్నాడు. తర్వాత పైకి చదివాడు: మా వాడకు ఎవరో ఒకరు రావాలి కాబట్టి సర్కారుకు. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. నవ్వకపోతే తానే రాశాడని తెలిసిపోతుందని స్తెఫను కూడా నవ్వాడు. సారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఇది రాసినవాడెవడో గాని వాడికొక మాట, జనానికి పని చెయ్యాలనే బుద్ధి ఉన్నవాడికి పనికంటే ముందు ఆ పని చేసే చోటు మీద ఆశ పుడుతుంది, దాన్ని చూసుకోవాలె అన్నాడు. అప్పుడు ఆ మాట అర్థం కాలేదు. సారు ఏదో పెద్దమనిషి మాట అన్నాడులే అనుకున్నాడు. ఇప్పుడు ఈ ఖాళీ రోడ్డు మీద ఆ మాట తనతో పాటే నడుస్తోంది, తను ఆగితే ఆగుతోంది.

మా వాడకు ఎవరో ఒకరు రావాలి. వచ్చినవాడు సాంబమూర్తి. ఇబ్రహీంపట్నం అవతల స్తెఫను వాళ్ల ఊళ్లో అంతకుముందు టీకాలవాళ్లు చావడి దగ్గర కూర్చుని పిలిపించేవాళ్లు. ఊళ్లోవాళ్లకు వేశాక మందు మిగిలితే వాడవాళ్లకు, ఎండలో దూరంగా నిలబెట్టి. ఆ ఏడు కొత్తగా వచ్చిన సన్నటి మనిషి సైకిలు నడిపించుకుంటూ చావడి దాటి, బావి దాటి, నేరుగా వాడలోకి వచ్చాడు. కోస్తా వైపు యాస, మాట మాటకూ చివర సాగదీత; పిల్లలు ఆ యాసకు కిసకిస నవ్వారు. చిన్న సూదుల బిళ్లను ముందు తన చేతి మీద తిప్పుకుని చూపించాడు. పదకొండేళ్ల స్తెఫను చెయ్యి చాపాడు. ఇంట్లో ఇంకెవరైనా పిల్లలున్నారా అని ఆయన అడిగాడు. లేరు అన్నాడు స్తెఫను. నాలుగేళ్ల రెబెక్క గుమ్మిలో వడ్ల మీద కూర్చుని ఉంది. టీకా వేస్తే అమ్మోరికి కోపమొచ్చి పిల్ల పోతుందని ఊళ్లో ముసలమ్మలు చెప్పినదానికి ప్రభువును నమ్మిన ఎలీశమ్మ కూడా భయపడింది. చెల్లెను దాచి నువ్వు వాకిట్ల కూసో అంది. దాచింది తనే. మూత పెట్టింది తనే. చీకటి అని చెల్లె భయపడితే కొంచెం సందు ఉంచింది కూడా తనే. ఎనిమిదో రోజు ఆయన మళ్లీ వచ్చి స్తెఫను చేతి మీది పొక్కు చూసి బాగా పట్టిందిరా అని భుజం తట్టాడు. ఆ రోజైనా చెప్పి ఉండొచ్చు. తట్టిన చెయ్యి హాయిగా ఉంది, చెబితే తీసేస్తాడని చెప్పలేదు. నెల తిరగకుండా ఊరికి అమ్మోరు పోసింది. రెబెక్క అయిదు రోజులుంది.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. గుమ్మిని చూశాడు, దాని పక్కన నిలబడ్డ పిల్లవాణ్ణి చూశాడు, అంతా తెలిసిపోయినట్టు కిందికి చూశాడు. ఎలీశమ్మ ముందు నేల మీద కూర్చుని, నేను ఇంట్లోకి వచ్చి వెతకాల్సిందమ్మా, ఆ రోజు ఎండకి బద్ధకించాను, తప్పు నాది అన్నాడు. ఆమె ఇచ్చిన నీళ్లు తాగి వెళ్లాడు. తప్పు నాది అని అంత సులువుగా, గొంతు పెంచకుండా, ఒక సర్కారు మనిషి తమ వాకిట్లో అనడం అంతకుముందు వాడలో ఎవరూ వినలేదు. ఆ రాత్రే స్తెఫను పెద్దయ్యాక ఏమవ్వాలో తేల్చుకున్నాడు. టీకాల మనిషి కాదు. ఇన్‌స్పెక్టరు కాదు. సాంబమూర్తి అవ్వాలి. తర్వాత ఆయన సరూర్‌నగర్ బ్లాకుకు మారాడు. తల్లి ద్రాక్షతోటల కూలికి ఇటు వచ్చింది. డిగ్రీ ఫారాలు ఆయనే నింపాడు, సెలవుల్లో తన సైకిలు వెనక ఎక్కించుకుని ఊళ్లు తిప్పాడు, రిజిస్టరు ఎట్లా రాయాలో చూపాడు. వెళ్లకుండా వెళ్లానని రాసేవాడి చేతిరాత బాగుంటుందోయ్, చెట్టు కింద మోకాలి మీద పెట్టి రాసేవాడిదే వంకరగా ఉంటుంది, అలాంటి రాత చూస్తే నమ్ము అనేవాడు.

కొత్తపేట దగ్గర రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, కరెంటు స్తంభం. గోడ మీద తారుతో జై తెలంగాణ. రాళ్ల మీద కూర్చున్న కుర్రాళ్లలో ఒకడు లేచి చెయ్యి ఊపాడు. గంగాధరరావు, హాస్టల్లో పక్క మంచం. పోయిన నెల పోలీసు దెబ్బకు పగిలిన నుదుటి మీద ఇంకా కట్టు ఉంది.

"ఏందిరో సర్కారు అల్లుడా, గింత పొద్దుగాల ఎటు సవారీ?"

"దిల్‌సుఖ్‌నగర్. చార్జి తీసుకునేదున్నది."

"ఇన్‌స్పెక్టర్ సాబ్‌కు తొవ్వ ఇడువుండ్రిరా. మనం లాఠీలు తిన్నం, దొర కుర్సి ఎక్కవోతుండు."

"కుర్సి ఏడిదిరా. సైకిలే."

"పాత సైకిలైనా గిప్పుడు మనదేగద." గంగాధరరావు దగ్గరికొచ్చి అతని కాలరు సర్దాడు. "నీ సాంబమూర్తి గారు సామాన్లు సదురుకున్నడా మరి? అందరి ముంగట గారు అని రాస్తివి సూడు, గది ఇంకా యాదికున్నది మాకు."

కుర్రాళ్లు నవ్వారు. స్తెఫను కూడా నవ్వినట్టు మొహం పెట్టి రాళ్లు దాటాడు. వాళ్లమీద కోపం రాలేదు. గంగాధరరావు వాళ్ల అన్న డిగ్రీ చదివి నాలుగేళ్లుగా ఇంట్లో ఉన్నాడు. అడిగిన ప్రతి ఆఫీసులో ఆ జాగలో ఎవరో బయటినుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. మన ఉద్యోగాలు మనకు అన్నది అబద్ధమైన మాట కాదు. స్తెఫను కూడా ఆ మాట గొంతు పోయేదాకా అరిచాడు. అరిచినప్పుడు ఎదురుగా ఏ మనిషీ కనపడలేదు, జాగలే కనపడ్డాయి.

నాలుగు గీతల నోటుబుక్కు. సంక్రాంతి ముందర ఒక సాయంత్రం హాస్టల్ వరండాలో అది చేతులు మారుతూ వచ్చింది. నీ పేరు, నీకు ఏ జాగ కావాలి, అందుల ఇప్పుడు ఎవరున్నరు, ఏ ఊరోడు. యూనియన్ వాళ్లు అన్ని కాలేజీల్లో రాయించి పైకి పంపుతారని చెప్పారు. మిగతావాళ్లు తహసీలు గుమాస్తా అనో, ఎవడో రావు అనో గబగబ గీకి ముందుకు తోశారు. స్తెఫను దగ్గరికి వచ్చేసరికి అతను దిండు మీద పెట్టుకుని ఆలోచించాడు. ఏ జాగ కావాలి అన్న ప్రశ్న అంతకుముందు జీవితంలో ఎవరూ అడగలేదు. అతనికి తెలిసిన జాగ ఒక్కటే. హెల్త్ ఇన్‌స్పెక్టరు, సరూర్‌నగర్ బ్లాకు. పక్క గీతలో ఎవరున్నరు అంటే పరీక్షలో జవాబు తెలిసిన పిల్లవాడిలా, పొందికగా, సాంబమూర్తి గారు. తుని దగ్గర. రాసినప్పుడు గుండెలో ఒక సంతోషం కూడా కలిగింది; అది ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు వేడెక్కుతోంది. ఆయన పేరు పక్కన తన పేరు ఒకే వరుసలో ఉందని సంతోషం. ఆ బుక్కు ఎక్కడికి పోతుందో, పోయి ఏం చేస్తుందో అతనికి తెలియక కాదు. తెలుసు. కాని ఆ గీతలోకి రాసింది సాంబమూర్తిని కాదు, తను కావాలనుకున్న తనను. నెల తిరిగేసరికి బయటినుంచి వచ్చినవాళ్లను వెనక్కి పంపే ఆర్డర్లు వచ్చాయి. తామూ ఇక్కడివాళ్లమేనని ముల్కీ సర్టిఫికెట్లు కొనుక్కున్నవాళ్లు ఎవరూ కదల్లేదు. మీరూ ఒకటి తెచ్చుకోండి సార్, ఫలానా గుమాస్తా ఇస్తాడు అని ఆఫీసులో అందరూ చెప్పినా తెచ్చుకోని మనిషి కదిలాడు. కోర్టుకు వెళ్లినవాళ్లు ఉన్నారు. ఆయన వెళ్లలేదు. కోర్టు నాకు ఈ పని ఇప్పించగలదు గాని, ఈ తల్లులు నాకు పిల్లల చేతులు ఇచ్చేలా చెయ్యలేదు కదోయ్ అన్నాడట.

రెండుసార్లు. ఒకసారి లేదన్న అబద్ధం, ఒకసారి ఉన్నాడన్న నిజం. రెండూ తన నోటినుంచో చేతినుంచో వచ్చాయి. కంపెనీకి పోతే? నడక ఆపి స్తెఫను ఒక మైలురాయి మీద కూర్చున్నాడు. పోతే ఏమవుతుంది. సాంబమూర్తి జాగ సాంబమూర్తికి రాదు. సెలక్షను లిస్టులో తన తర్వాతి పేరు బ్లాకు ప్రెసిడెంటు మేనల్లుడిది, ట్రైనింగులో పక్క బల్ల మీద చక్కటి చేతిరాతతో కూర్చున్నవాడు. వాడు ఇంట్లో కూర్చుని బాలాపూర్ వెళ్లానని రాస్తాడు, తప్పు ఒక్క అక్షరం ఉండదు. అయితే తను పోవద్దు, సర్కారు పనే చేయాలి, జనం కోసం. జనం కోసం అని మనసు ఎంత తొందరగా అందుకుంటోంది. చెప్పకుండా సంతకం పెట్టి, తాళాలు తీసుకుని, ఆయన దీవెన కూడా తీసుకుని, రేపటినుంచి అదే సైకిలు మీద ఊళ్లు తిరగవచ్చు. ఆయనకు ఎప్పటికీ తెలియదు. తుని చాలా దూరం. పిల్లలకు టీకాలు అందుతాయి. మంచే జరుగుతుంది. ఆ మంచి కింద ఈ సంగతి గుమ్మిలో పిల్లలాగా కూర్చుని ఉంటుంది, మూతకు కొంచెం సందుతో. అతను లేచాడు. కాళ్లు నడుస్తున్నాయి, తేలింది కాబట్టి కాదు, రోడ్డు అటే ఉంది కాబట్టి. సరూర్‌నగర్ చెరువు వైపునుంచి బట్టలుతికే చప్పుడు వినిపించింది, ఆగి ఆగి. ఎండ పొగను చీల్చుకుని ఇప్పుడు మెడ మీద పడుతోంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ ఇంటి వాకిలి తెరిచే ఉంది. లోపల మూటలు, విప్పిన మంచం కోళ్లు, చాపలో చుట్టిన పరుపు. సాంబమూర్తి నేల మీద కూర్చుని సామాను లిస్టు రాస్తున్నాడు.

"రావోయ్. నడిచొచ్చావా? వేదవతీ, స్తెఫను వచ్చాడు, మంచినీళ్లియ్యి. వాడికి కూడా ఇక్కడే భోజనం."

"అలాగేనండీ. విస్తళ్లలో పెడతాను, కంచాలన్నీ మూట కట్టేశాను," అంది లోపలినుంచి ఆయన భార్య.

ఆయన ఒక్కొక్కటే ముందుకు జరిపాడు. మందు ఫ్లాస్కు, మూత కొంచెం వదులు, గుడ్డ చుట్టి బిగించాలి. సూదుల పెట్టె. రిజిస్టర్లు ఆరు. సైకిలు, వెనక చక్రానికి గాలి నిలవదు. ఒక్కోదాని గురించి చెప్పేటప్పుడు ఆయన దాన్ని ఇంకోసారి ముట్టుకున్నాడు. తర్వాత కాగితం తిప్పి, కలం మూత తీసి, స్తెఫను వైపు చాపాడు. స్తెఫను కలం అందుకున్నాడు. ఇది సంతకం, దీని కింద ఆయన సంతకం, అంతే, ఇంతలో అయిపోతుంది. వంటింట్లో మూకుడు దింపిన చప్పుడు. సంతకం చేసి చెప్పవచ్చు. చేసి చెబితే చెప్పినట్టు కాదు.

"సార్, మీ పేరు నేనే రాసిన."

"ఎక్కడోయ్?"

"హాస్టల్ల బుక్కు తిప్పిండ్రు. ఏ జాగ కావాలె, అండ్ల ఎవరున్నరు అని. నేను రాసిన. సరూర్‌నగర్ లిస్టుల మీ పేరు నేను రాసిందే సార్."

సాంబమూర్తి అర్థం కానట్టు చూశాడు. అర్థమవుతున్న కొద్దీ ఆయన మొహం మారలేదు, చేతులు మారాయి. రిజిస్టర్ల మీద ఉన్న రెండు చేతులూ మెల్లగా వెనక్కి వచ్చి ఒళ్లో పడ్డాయి. వంటింటి గుమ్మంలో వేదవతి గరిటెతో నిలబడింది. ఎప్పుడు వచ్చిందో.

"ఎందుకు రాశావు?"

"నాకు తెలిసిన జాగ అదొక్కటే సార్."

తప్పు నాది అని అనాలని స్తెఫను అనుకున్నాడు. ఆ మాట నోటిదాకా వచ్చి, అది ఈయన మాట, ఈయన ముందు వాడుకునే హక్కు తనకు లేదు అనిపించి ఆగిపోయింది. గోడ మీద కాలెండరు తీసేసిన చోట తెల్లటి చదరం. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. సాంబమూర్తి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు, అక్కడ ఏమీ చూడకుండా తిరిగి వచ్చాడు.

"నిన్నేమీ అననోయ్," అన్నాడు చివరికి. "ఫర్వాలేదని మాత్రం అనలేను. అనమని అడక్కు."

"అడగ సార్."

"ఆ కంపెనీ ఉత్తరం ఏం చేశావు?"

"జేబుల ఉన్నది."

ఆయన కూర్చున్నాడు. పై రిజిస్టరు మళ్లీ ముందుకు జరుపుకున్నాడు.

"పోయిన శనివారం బాలాపూర్‌లో ముప్ఫై ఒక్క మంది పిల్లలకి వేశాను. రేపు పొక్కులు చూడాలి. ఎన్నింటికి బయలుదేరతావు?"

"ఆరింటికి సార్."

"ఆరైతే తల్లులు కోతకి వెళ్లిపోతారు. అయిదింటికి వెళ్లు."

స్తెఫను సంతకం చేశాడు. మోకాలి మీద పెట్టి చేశాడు, వంకరగా వచ్చింది. దాని కింద సాంబమూర్తి చేశాడు. కాగితం ఆరేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

వేదవతి నేల తుడిచి మూడు విస్తళ్లు ఒకే వరుసలో వేసింది. అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించి తనూ కూర్చుంది. వాళ్లయ్యాక తినే అలవాటు ఆ రోజు పాటించలేదు. సాంబమూర్తి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. స్తెఫను పెట్టుకున్నాడు. పప్పులో ఉప్పు లేదు, కూరలోనూ లేదు. మొదటి ముద్దకే ఆమెకూ తెలిసింది. ఒకసారి మూటల వైపు చూసి తల దించుకుంది. ఎవరూ అడగలేదు. ఎవరూ లేవలేదు. బయట రోడ్డు మీద ఒక గుంపు నినాదాలిస్తూ వచ్చి, వాకిలి ముందునుంచి దాటి, దూరమైపోయింది. ముగ్గురూ విస్తట్లో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నారు.